సంథపాఠముల ధ్వనిముద్రణము: ఏకనాళ ముద్రణములను ద్వినాళముగా సంధించు విధానము

వేదాధ్యయనమునకు సంథయే ప్రాణము. గురువు ఒకమారు చెప్పగా శిష్యుడు రెండుమారులు అనుట మన ప్రాంతపు తైత్తిరీయాధ్యయనమున అనూచానముగా వచ్చుచున్న పద్ధతి. వేదపఠన సంప్రదాయమును యునెస్కో సంస్థ 2003లో మౌఖిక వారసత్వపు ఉత్తమ నిదర్శనములలో నొకటిగా ప్రకటించి, 2008లో ప్రతినిధి పట్టికయందు చేర్చినది. ఆ తరువాత పాఠశాలలయందు ధ్వనిముద్రణములు చేయువారు పెరిగిరి. అయితే నేను చూచినంతవరకు ముద్రితమైన వానిలో అధికభాగము పారాయణములే. పారాయణమునందు పాఠము సిద్ధరూపమున వినబడును. సంథయందు అది సాధ్యరూపమున నుండును. శిష్యుడు స్వరితమును ఎచ్చట అందుకొన్నాడో, ఎచ్చట జారవిడిచినాడో, రెండవ ఆవృత్తిలో ఎట్లు సరిదిద్దుకొన్నాడో అందు తెలియును. శిక్షాశాస్త్ర పరిశోధకునకు కావలసినది ఇదియే.

సంథను ముద్రించువారు సాధారణముగా రెండు చిన్న రికార్డర్లను గాని రెండు చరవాణులను గాని వాడుదురు. ఒకటి గురువు ఎదుట, ఒకటి శిష్యుని ఎదుట. ఒక్కొక్కటి ఒక్కొక్క మోనో ఫైలును, అనగా ఏకనాళ ముద్రణమును ఇచ్చును. తరువాత ఈ రెంటిని ఏమి చేయవలెనన్నదే ప్రశ్న. ఒక పాఠశాలవారు వినుటకు అనుకూలమని రెంటిని ఒకే నాళములో కలిపివేసి, చోటు చాలదని మూలఫైలులను తుడిచివేసిరి. దీర్ఘస్వరితముల కాలపరిమాణముపై సిద్ధాంతగ్రంథము వ్రాయదలచిన ఒక పరిశోధకుడు ఆ ముద్రణములను తెచ్చుకొని నాయొద్ద కూర్చుండెను. గురువుగారి వాక్యాంతమునకును శిష్యుని వాక్యారంభమునకును నడుమ నున్న అతివ్యాప్తియందు ఏ ధ్వని ఎవరిదో మేమిద్దరము తేల్చలేకపోతిమి. కంఠములు రెండును ఇంచుమించు ఒకే శ్రుతిలో నున్నవి. ఆ కుర్రవాడు అధ్యాయమునే మార్చుకొనవలసి వచ్చినది. ఆ గురువుగారు నేడు లేరు. మరల ముద్రించు అవకాశమును లేదు.

కలుపుట అన్నమాట ఒక్కటే అయినను క్రియలు రెండు. వైయాకరణులకు ఇది సులభముగా బోధపడును. ద్వంద్వసమాసమునందు ఇతరేతరయోగమని, సమాహారమని రెండు భేదములు కలవు గదా. "రామలక్ష్మణౌ" అన్నప్పుడు ఇద్దరును ఇద్దరుగానే యుందురు, ద్వివచనమే దానికి సాక్షి. "పాణిపాదమ్" అన్నప్పుడు అవయవములు తిరోహితములై సమూహమొక్కటే ప్రధానమగును, ఏకవచనమే వచ్చును. రెండు మోనో ముద్రణములను స్టీరియోగా సంధించుట ఇతరేతరద్వంద్వము వంటిది. ఒకటి ఎడమనాళమున, ఒకటి కుడినాళమున ఒకే ఫైలునందు నిలుచును. కోరినప్పుడు విగ్రహము చెప్పి మరల రెండుగా విడదీయవచ్చును, ఒక్క అక్షరమైనను లోపింపదు. రెంటిని ఒకే నాళమునకు దించుట సమాహారము. ఇక్కడ దృష్టాంతము కొంత తప్పును కూడ: సమాహారద్వంద్వమునకు విగ్రహవాక్యము చెప్పవచ్చును గాని, ఒకే నాళమున కలిసిపోయిన రెండు కంఠములకు విగ్రహము లేదు. పాయసములో కలిసిన పాలను చక్కెరను విడదీయ యత్నించుటయే అగును. కంఠములను వేరుచేయు నూతన యంత్రబుద్ధులు ఇప్పుడు వచ్చినవి. అవి ఊహించి ఇచ్చు ధ్వనిని గానసభలో వినవచ్చునేమో గాని, మాత్రలను కొలుచుటకు ప్రమాణముగా స్వీకరింపరాదని నా అభిప్రాయము.

ఇట్లు సంధించిన ఫైలును స్టీరియో అని వ్యవహరించుట సాంకేతికముగా సరియే అయినను, అది యథార్థమైన స్టీరియో కాదని గుర్తింపవలెను. బ్రిటను దేశమున ఇ.ఎమ్.ఐ. సంస్థలో పనిచేసిన అలన్ బ్లూమ్‌లైన్ అను ఇంజనీరు 1931లో పేటెంటునకు దరఖాస్తు చేసిన పద్ధతియందు, రెండు మైకులు ఒకే సన్నివేశమును ఒకేచోటినుండి గ్రహించును. వాని నడుమనుండు సూక్ష్మభేదముల వలననే చెవికి దిక్కు తెలియును. మన సంథముద్రణము అట్టిది కాదు. ఇది పక్కపక్కన కూర్చుండబెట్టిన రెండు ఏకనాళములు మాత్రమే. 1963లో వెలువడిన బీటిల్స్ వారి మొదటి సంపుటమును ఎరిగినవారికి ఈ భేదము తెలిసియే యుండును. దానిని రెండు నాళముల టేపుపై ముద్రించిరి. అందు గాత్రము ఒకవైపున, వాద్యములు మరొకవైపున నుండెను. తరువాత సమపాళ్లలో కలుపుకొనుటకే ఆ ఏర్పాటు. దానినే స్టీరియోగా విడుదల చేయగా గాయకులందరు ఒకే చెవియొద్ద నిలుచున్నట్లు వినబడినది. కనుక సంథముద్రణమును విన్నవారు "గురువుగారు ఎడమవైపున, శిష్యుడు కుడివైపున కూర్చుండిరి" అని అనుమానము చేయరాదు. ఆ దిక్కులు మనము కల్పించినవి. సూచికయందు ఈ మాట స్పష్టముగా వ్రాయుట అవసరము.

ఇక ముద్రణవేళ చేయవలసిన పనులు. మైకు నోటికి జానెడు పైచిలుకు, అనగా 30 సెంటీమీటర్ల దూరమున నుండుట మంచిది. శిష్యుని మైకు గురువుగారి నోటికి 2 మీటర్ల దూరమున నున్నదనుకొందము. బయలు ప్రదేశమున ధ్వని దూరముతో తగ్గు లెక్క ప్రకారము గురువుగారి కంఠము శిష్యుని మైకునకు సుమారు ఏడవవంతు బలముతో చేరును. గదిలో గోడల ప్రతిధ్వని తోడగుటచే మరికొంత హెచ్చుగా చేరును. చాపలు, దుప్పట్లు పరచిన గది, గచ్చునేల గదికంటె మేలు. ధ్వని మన వేడి ప్రదేశములలో సెకనునకు సుమారు 350 మీటర్లు పోవును గనుక, గురువుగారి కంఠము తన మైకునకంటె శిష్యుని మైకునకు 5 మిల్లీసెకనులు ఆలస్యముగా తగులును. ఇది దోషము కాదు, యథార్థము. కొందరు ఉత్సాహవంతులు సాఫ్టువేరులో ఆ 5 మిల్లీసెకనులను "సరిచేయుదురు". గురువుగారి కంఠమునకు సరిచేసినచో శిష్యుని కంఠమునకు ఎదురుదిశలో రెట్టింపు తప్పు వచ్చునని వారు గమనింపరు.

ఈ ఆలస్యమునుబట్టియే సమాహారమునకు మరియొక బాధ కలదు. ఒకే కంఠము కొద్దిపాటి వ్యవధితో రెండుమారులు కలిసినప్పుడు కొన్ని స్థాయిలు పరస్పరము క్షీణించును. 1 మిల్లీసెకను వ్యవధియైనచో 500 హెర్ట్‌జులయొద్ద, 1500 యొద్ద, 2500 యొద్ద ఇట్లు వరుసగా లోతులు పడును. రెండవ మైకునందలి ధ్వని ఎంత బలముగా నున్న ఆ లోతు అంత హెచ్చు. అచ్చుల స్థానభేదమును, ముఖ్యముగా ఎ-అ-ఒ ల భేదమును, మనము గుర్తుపట్టునది ఆ స్థాయిలయందలి బలాబలములచేతనే. తొట్టిలో పలికినట్లు వినబడు ముద్రణములు చాల వరకు ఈ కారణముచేత అట్లైనవే. నాళములు వేరుగా నున్నంతకాలము ఈ బాధ లేదు.

ముద్రణము మొదలుపెట్టగానే, రెండు మైకులకును సమానదూరమున నిలిచి ఒకమారు గట్టిగా చప్పట్లు చరచవలెను. పాఠము ముగిసిన తరువాత అదే స్థానమున నిలిచి మరల చరచవలెను. మొదటి చప్పట ఆరంభమును కలుపుకొనుటకు. రెండవది ఎందులకన్నచో, ఏ రెండు రికార్డర్ల గడియారములును సరిగా ఒకే వేగముతో నడువవు. పది లక్షల పాళ్లలో ఇరువది పాళ్ల భేదము రెంటి నడుమ నున్నదనుకొన్నను, ఒక గంట పాఠమునకు 72 మిల్లీసెకనులు తేడా వచ్చును. త్వరితముగా చెప్పునప్పుడు ఒక లఘువునకు పట్టు కాలములో ఇది చెప్పుకోదగిన భాగము. ఆరంభమున చక్కగా కలిసిన పాఠము అనువాకములు గడచినకొలది ఎడమగును. చివర శిష్యుడు గురువుకంటె ముందే అందుకొన్నట్లు కూడ భ్రమ కలుగవచ్చును. అతివ్యాప్తిని పరిశీలించువానికి ఇంతకంటె ప్రమాదము లేదు.

రెండు చప్పట్ల నడుమ కాలమును రెండు ఫైలులయందును కొలిచినచో తేడా తెలియును. ఒకదానియందు 3600.000 సెకనులు, రెండవదానియందు 3600.072 సెకనులు వచ్చినచో, రెండవదానిని నూటికి 0.002 పాళ్లు వేగము హెచ్చించిన సరిపోవును. ఇట్లు మొత్తము పాఠమునకు సమముగా వేగము మార్చుట మంచిదా, నిశ్శబ్దములయొద్ద కొంచెము కొంచెముగా కత్తిరించి జరుపుకొనుట మంచిదా అని నన్ను అడిగినవారు కలరు. కత్తిరించుటకు నేను సుముఖుడను గాను. 0.002 పాళ్ల వేగభేదము స్వరమునందు చెవికి పట్టునది కాదు. నిశ్శబ్దమును కత్తిరించుట మాత్రము పాఠమునే దిద్దుట. సంథలో విరామము శూన్యము కాదు. గురువు ఎంతసేపు ఆగినాడన్నది బోధనలో భాగము. ఇదే కారణమున, ఖాళీలను తొలగించి ఫైలును చిన్నది చేయు అలవాటును సంథముద్రణముల విషయమున పూర్తిగా మానుకొనవలెను.

సంధించుటకు ఉచితముగా లభించు ఆడాసిటీ అను సాఫ్టువేరు చాలును. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు ప్రారంభించిన దీనిని 2000లో విడుదల చేసిరి. పాత కంప్యూటరుపై కూడ నడచును. రెండు ఫైలులను ఒకే పనిపుటలోనికి తెచ్చినచో ఒకదానిక్రింద ఒకటి రెండు ట్రాకులుగా కనబడును. ముందుగా రెంటి నమూనాల సంఖ్య, అనగా సెకనునకు ఎన్నిమారులు ధ్వనిని కొలిచిరన్నది, ఒకటే అగునట్లు చూచుకొనవలెను. ఒకటి 44,100, మరొకటి 48,000 అయినచో తక్కువదానిని ఎక్కువదానికి మార్చుకొనవలెను. తరువాత మొదటి చప్పట్లు రెండును ఒకే నిలువురేఖపై వచ్చునట్లు ఒక ట్రాకును జరుపవలెను. వేగమును సరిచేసి, రెండవ చప్పట్లును కలిసినవో లేదో చూడవలెను. ఆపై పై ట్రాకు పేరుప్రక్కనున్న మెనూను తెరచి "మేక్ స్టీరియో ట్రాక్" అన్నదానిని నొక్కిన పని ముగిసినది. పైన నున్నది ఎడమనాళమగును, దాని వెంటనే క్రింద నున్నది కుడినాళమగును. గురువుగారి ట్రాకును పైన నుంచుట నేను పాటించు నియమము. ఎవరు ఎటు ఉంచినను బాధ లేదు గాని, ఒక గ్రంథాలయమున అన్ని ముద్రణములకు ఒకే నియమముండవలెను. విడదీయుటకు అదే మెనూలో "స్ప్లిట్ స్టీరియో టు మోనో" కలదు.

ఈ ఆజ్ఞను మరచి, రెండు మోనో ట్రాకులను అట్లే ఉంచి ఎగుమతి చేసినచో రెండు కంఠములును కలిసిపోవును. స్టీరియో అని ఎంచుకొన్నను రెండు నాళములలో అదే మిశ్రమము పడును. కనుక ఎగుమతి చేసిన ఫైలును మరల తెరచి, ఒక్కొక్క చెవితో వినిన తరువాతనే సంధానము ముగిసినదని చెప్పవలెను. బలము సమము చేయు సాధనములను, రొద తగ్గించు సాధనములను మూలప్రతిపై ప్రయోగింపరాదు. ఉదాత్తానుదాత్తముల బలభేదము కూడ పరిశీలనకు లోనగు విషయమే గనుక, శిష్యుని కంఠము మందముగా నున్న అట్లే యుండనిండు.

భద్రపరచు ప్రతిని వేవ్ రూపమున ఉంచవలెను. ధ్వనిభాండారముల అంతర్జాతీయ సంఘమైన ఐ.ఎ.ఎస్.ఎ. తన మార్గదర్శకములలో కనిష్ఠముగా సెకనునకు 48,000 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 24 బిట్లు విధించినది; 96,000 నమూనాలు శ్రేయస్కరమని సూచించినది. మొదటి లెక్కను ఒక నాళమునకు గంటకు 51.84 కోట్ల బైట్లు, రెండు నాళములకు 103.68 కోట్ల బైట్లు అగును. సాధారణ వేవ్ ఫైలు 4 గిగాబైట్లకు మించజాలదు గనుక, 48,000 నమూనాల స్టీరియో ఫైలు 4 గంటల 8 నిమిషములతో, 96,000 నమూనాలది 2 గంటల 4 నిమిషములతో నిండిపోవును. ప్రపాఠకమునకొక ఫైలు, మరీ దీర్ఘమైనచో అనువాకమునకొకటి చేసికొనిన ఈ చిక్కు రాదు. ఎమ్.పి.3 రూపమునందు చోటు కలిసివచ్చుటకై రెండు నాళములకు సమానమైన అంశములను ఏకము చేయు ఏర్పాటు కలదు. తక్కువ పరిమాణమున చేసినచో ఒక కంఠపు నీడ రెండవ నాళమున పడును. విద్యార్థులు చరవాణిలో వినుటకు అది చాలును, భాండారమునకు పనికిరాదు.

వినుటయన్నచో మరియొక మాట. ఇయర్‌ఫోను ఒక్కటే చెవికి పెట్టుకొని వినువారికి స్టీరియో ఫైలునందు గురువు మాత్రమే స్పష్టముగా వినబడును, శిష్యుడు ఎచ్చటనో దూరమున గొణిగినట్లుండును. డెబ్బదియేండ్లు దాటిన మావంటివారిలో రెండు చెవులు సమముగా పనిచేయువారు ఎందరు? కనుక వినుటకు ఒక మోనో ప్రతిని ప్రత్యేకముగా తయారుచేసి ఉంచవచ్చును. అది మూలమునుండి పుట్టిన ప్రతియని పేరులోనే తెలియవలెను. ఒక పండితమిత్రులు, గురుశిష్యులను రెండు చెవులకు పంచుట అనుచితమనిరి. సంథ అవిభాజ్యమని వారి భావము. వినువేళ వారి మాట సబబే. అందులకే ఈ మోనో ప్రతి. అయితే సంహితను కాపాడుటకు పదపాఠమును వేరుగా నిలిపిన సంప్రదాయము మనది. విభాగము ఎరిగియుండుట ఐక్యమునకు విరోధమని మన పూర్వులు తలపలేదు.

పాత క్యాసెట్టుల విషయము వేరు. ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్టునందు టేపు సెకనునకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడువవలెను. నిజమునకు యంత్రములు అంత నియతముగా నడచినవి కావు. ఒక రికార్డరు నూటికి రెండు పాళ్లు వేగముగా, మరొకటి ఒక పాలు మందముగా నడచినచో, అరగంట ప్రక్కకు సుమారు 54 సెకనుల తేడా వచ్చును. శ్రుతిలో భేదము ఇంచుమించు అర్ధస్వరాంతరములో సగము. దక్షిణాదిని తైత్తిరీయ పఠనమునందు ఉదాత్తమునకు స్వరితమునకు నడుమ అంతరము రమారమి ఒక అర్ధస్వరాంతరమే. ఒకే యంత్రముపై ముద్రించిన పాఠములో ఉదాత్తస్వరితముల పరస్పరానుపాతము వేగము మారినను చెడదు. కాని గురువు ఒక క్యాసెట్టుపై, శిష్యుడు మరొక క్యాసెట్టుపై నున్నప్పుడు, వారిద్దరి శ్రుతులను పోల్చుటకు ఆధారమే పోవును. శిష్యుడు శ్రుతి తప్పినాడో, యంత్రము తప్పినదో తెలియదు.

ఇందులకు ఒక ఉపాయము కలదు. ఆ రోజులలో కరెంటుపై నడపిన రికార్డర్లలో విద్యుత్తు రొద సన్నగా టేపుపై పడియుండును. మన దేశమున విద్యుత్తు స్థాయి 50 హెర్ట్‌జులు గనుక ఆ రొద 50, 100 స్థాయిలయొద్ద కనబడును. ఆనాడు సరఫరా స్థాయియే నిలకడగా నుండెడిది కాదు అని ఆక్షేపింపవచ్చును. నిజమే, అయినను రెండు యంత్రములును అదే గదిలో, అదే క్షణమున, అదే సరఫరాను గ్రహించినవి గదా. ఆడాసిటీలో "ప్లాట్ స్పెక్ట్రమ్" చూచి ఒకదానియందు రొద 99, రెండవదానియందు 102 యొద్ద కనబడినచో, వాని నిష్పత్తియే వేగముల నిష్పత్తి. ఏది సత్యమో తెలియకపోయినను రెంటిని ఒక శ్రుతికి తేవచ్చును. క్యాసెట్టు నడకలో క్షణక్షణము వచ్చు ఊగిసలాట మాత్రము దీనిచే పోదు. అట్టి వానిని స్టీరియోగా సంధించినను అతివ్యాప్తి కొలతలకు వాడరాదు, పాఠభేద పరిశీలనకు వాడుకొనవచ్చును.

మన కళాశాలల బీరువాలలోని క్యాసెట్టులు కంప్యూటరులోనికి ఎక్కునప్పుడు ఇంకొక పొరపాటు జరుగుచున్నది. మోనో క్యాసెట్టుపై ధ్వనిరేఖ, స్టీరియో క్యాసెట్టు రెండు రేఖలు ఆక్రమించు వెడల్పునంతటిని ఆక్రమించును. అందుచేత దానిని స్టీరియో యంత్రముపై నడపిన రెండు నాళములలో అదే కంఠము వచ్చును. సూచికలో దానిని "స్టీరియో" అని వ్రాయుచున్నారు. ఇది ద్వంద్వము కాదు, ఏకశేషము వంటిది. పైగా యంత్రపు శిరస్సు కొంచెము ఒరిగియున్నచో రెండు నాళముల నడుమ సూక్ష్మవ్యవధి ఏర్పడి, వానిని తిరిగి మోనోగా కలిపినప్పుడు సకార శకారాదుల స్పష్టత తగ్గును. అట్టివాని విషయమున శుభ్రముగా నున్న ఒక నాళమును మాత్రము గ్రహించుట మేలు.

ఒక ఫైలు నిజముగా రెండు ముద్రణముల సంధానమా, ఒకటే రెండుమారులు వ్రాయబడినదా అని పరీక్షించుట కష్టము కాదు. దాని నకలును తెరచి, నాళములను రెండు మోనో ట్రాకులుగా విడదీసి, ఒకదానిపై "ఇన్వర్ట్" అను ఆజ్ఞను ప్రయోగించి, రెంటిని మోనోగా కలుపవలెను. పూర్ణనిశ్శబ్దము వచ్చినచో సాఫ్టువేరులో నకలు తీసినది. కంఠము పోయి టేపు బుసమాత్రము మిగిలినచో మోనో క్యాసెట్టు స్టీరియో యంత్రముపై నడచినది. కంఠములు రెండును నిలిచి వినబడినచో అది సంధానమే. అప్పుడు చేయవలసినది చప్పట్లు ఎచ్చట నున్నవో వెదకుట.